నువ్వెటో నేనూ అటే

ఏప్రిల్ 13, ఆదివారం

అంకాకి పొద్దున షుగర్ ఎంతుంది? నూట నలభై. ఫరవాలేదు, నిన్నటికంటే నయం. నా నేస్తం పెగ్గీ మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేసి అడిగాను. మెట్లు దిగేటప్పుడే నొప్పిట, ఎక్కేటప్పుడు లేదట. స్పోకేన్‌లో మా అబ్బాయి మార్కో ఎలా ఉన్నాడు? ఆదివారం పది గంటలకి చేస్తాడు. పదకొండైంది, ఇంకా చెయ్యలేదు. పిల్లి తిన్నదా? తిన్నది. నేనెలా ఉన్నాను? గుండెదడ అలాగే ఉంది.

దడకి కారణం ఇవాళ్టి పేపరు. మోంటానా మొత్తంలో ఎటూ తేల్చని సూపర్ డెలిగేట్లు ఇద్దరే మిగిలారట. ఒకరు హెలెనాలో లాయరు. రెండోది నేనే, బ్యూట్‌లో బడి వంటమనిషిగా చేసి మానేసిన జోరా వుకోటిచ్, వయసు డెబ్బై ఏడు. వయసు వెయ్యడం దేనికి?

అంకా నాకు చెల్లెలే గాని నోరు మాత్రం అత్తగారిది.

"అక్కా, ఊళ్లోవాళ్లంతా వరసలో నిలబడి ఓటేస్తే అదొక లెక్క. నువ్వు కుర్చీలో కూచుని ఊ అంటే అదొక లెక్క. ఇదెక్కడి న్యాయం?"

"నేనడిగానా? పార్టీ పెద్దలకి అలా విడిగా ఓటు పెట్టారు."

"నువ్వు పెద్దవా?"

"జాతీయ కమిటీలో పదహారేళ్లుగా ఉన్నాను."

"పెగ్గీ కూచోబెడితే ఉన్నావు."

అదీ నిజమే.

ఈసారి అధ్యక్ష పదవికి మా పార్టీ తరఫున సెనేటర్ రూత్ అల్వరాడో నిలబడాలా, గవర్నర్ విట్‌కంబ్ నిలబడాలా అన్నది వెంట్రుకవాసిలో ఉంది. ప్రైమరీల్లో జనం ఇచ్చే ప్రతినిధులు ఇద్దరిలో ఎవరికీ చాలరు. మిగతాది మాలాంటి ఎనిమిది వందల మంది చేతిలో ఉందట. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, నా చేతిలో ఉండడమేమిటి?

నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. అది మాత్రం రాసిపెట్టుకుంటున్నాను.

మార్కో పన్నెండింటికి ఫోన్ చేశాడు. బాగానే ఉన్నాడు. గొంతు బాగానే ఉంది. నేను ముందు వినేది గొంతే.

ఏప్రిల్ 14

పొద్దుటినుంచి ఫోన్ తొమ్మిదిసార్లు మోగింది. అక్రోట్ల రొట్టె అడుగంటింది.

ఏప్రిల్ 17, గురువారం

సెనేటర్ అల్వరాడో తనే ఫోన్ చేసింది. పక్కవాళ్లచేత చేయించి లైన్లో ఉండమనడం కాదు, తనే.

"జోరా గారూ, బడిలో రోజుకి ఎంతమందికి వండేవారు?"

"నాలుగొందల మందికమ్మా. శుక్రవారం అయితే ఇంకో ఇరవై. శనాదివారాలు ఇంట్లో ఉండదని కొందరు రెండోసారి వచ్చేవారు."

"వస్తే?"

"పెట్టేదాన్ని. లెక్కలో రాసేదాన్ని కాదు."

ఆమె నవ్వింది. తరవాత మా ఊరి పాత గనిగుంటలో నిండిన విషపు నీళ్ల సంగతి అడిగింది. నేను అరగంట వాగాను. మధ్యలో సూపు పొంగిపోయింది. చివర్న నా మద్దతు అడిగింది. ఏం చెప్పాలో తోచక, "మా కౌంటీ ఎటంటే నేనూ అటేనమ్మా" అన్నాను.

ఎందుకన్నాను?

పోనీ ఆమెతో అన్నదైనా గాలికి పోయేదే. సాయంత్రం యూనియన్ హాల్లో మాంసం కూరిన పేస్టీల భోజనాలకి వెళితే ముప్పైమంది ఆడవాళ్లు చుట్టూ చేరారు. మిల్లీ నిలబెట్టి అడిగింది. "జోరక్కా, జూన్ మూడున మేం ఓటేస్తాం కదా. దానికి విలువుందా, లేక పైవాళ్లు చెప్పినట్టు వేస్తావా?" మిల్లీ నలభై ఏళ్లు హోటల్లో ప్లేట్లు మోసిన మనిషి. ఆ చేతులు చూస్తూ కాదనడం నావల్ల కాలేదు. మళ్లీ అదే మాట అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు కొట్టినంత మాత్రాన అది మాటిచ్చినట్టు కాదు. కౌంటీ ఎలాగూ విట్‌కంబ్‌కే వేస్తుంది. పెగ్గీ అలాగే చెప్పింది. అప్పుడు ఏ గొడవా ఉండదు.

ఏప్రిల్ 27, ఆదివారం, మా ఈస్టర్

మా ఆర్థొడాక్స్ చర్చినుంచి వచ్చేసరికి పెగ్గీ మెట్లమీద కూచుని ఉంది. ఐరిష్‌ది, వాళ్ల ఈస్టర్ ఎప్పుడో అయిపోయింది. అయినా యాభై ఏళ్లుగా మా ఈస్టర్‌కి రాకుండా లేదు. గుడ్డుకి గుడ్డు కొట్టే పందెంలో అంకాని మూడుసార్లు ఓడించింది.

"నీ గుడ్డులో రాయి పెట్టించుకొచ్చావే పెగ్గీ" అంది అంకా.

"నీకు కొట్టడం చేతకాదే. నీ సెనేటర్‌లాగే ఊరికే ఊపుతావు."

"ఆ సెనేటరే మీ గవర్నర్ పెంకు పగలగొడుతుంది, చూస్తూ ఉండు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. కాఫీ చల్లారిపోతోందని బెంగ.

వెళ్లేటప్పుడు పెగ్గీ నా భుజం పట్టుకుని అంది. "గవర్నర్‌కి చెప్పేశానే, జోరా సంగతి చూసుకోనక్కర్లేదు, అది మనదే అని. నువ్వు పేపరువాళ్లకి చెప్పడమే తరువాయి. నీకెప్పుడు వీలైతే అప్పుడు."

నేను ఆమె కోటు బొత్తాలు పెట్టాను. వేళ్లు వంగవు పాపం. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు కాదు కదా.

మా ఆయన లూకా గనిలో బండ కింద పడ్డ ఏడాది పదకొండు రోజులు ఆస్పత్రి బెంచీమీదే పడుకుంది పెగ్గీ. ఆయన పోయాక నాకు బడిలో పని ఇప్పించింది. వంటవాళ్ల సమ్మెకి నన్ను ముందు నిలబెట్టింది. రాష్ట్ర పార్టీకి తను అధ్యక్షురాలయ్యాక జాతీయ కమిటీకి నా పేరు పెడితే, గదిలో ఒకడు "వంటమనిషా?" అన్నాడు. "అవును, ఈ గదిలో పని తెలిసినది అదొక్కతే" అంది పెగ్గీ.

మే 2

మాటేం ఇవ్వలేదు.

జనవరిలో ఒకరోజు మంచు పడుతూంటే పెగ్గీ ఈ వంటింట్లోనే కూచుని, నేను విట్‌కంబ్ తరఫున పనిచేస్తున్నానే, నువ్వూ ఉంటావుగా అంది. "నువ్వెటో నేనూ అటే" అన్నాను. అది మాటా? సినిమాకీ అదే అన్నాను. చర్చి సంతకీ అదే అన్నాను. జుట్టు కత్తిరించుకోవడానికీ అదే అన్నాను.

చెయ్యి కలిపిన మాట నిజమే. చలికి కలిపాము.

మే 9, శుక్రవారం

పొద్దున గవర్నర్ విట్‌కంబ్ ఫోన్ చేశాడు. నాకు వినికిడి తగ్గిందని మార్కో గట్టిగా వినిపించే ఫోన్ పెట్టించాడు. దాంతో వంటింట్లో ఎవరున్నా అన్నీ వినపడతాయి. అంకా బల్లదగ్గర బఠాణీలు ఒలుస్తోంది.

ఎంత మర్యాదస్తుడు. ఓటు ఊసే ఎత్తలేదు. "జోరా గారూ, మీ చెల్లెలు అంకా గారికి షుగర్ అదుపులో ఉందా?" అన్నాడు. ఉంది సార్ అన్నాను. "కంటి ఆపరేషన్ పడలేదు కదా?" లేదు సార్. "మీ దడ తగ్గిందా? చలికాలం ఎక్కువంటారు." అవును సార్. పిల్లిని కూడా పేరుపెట్టి అడిగాడు. నాకు కళ్లు చెమర్చాయి. దేశమంతా తిరిగే మనిషి, మా ఇంటి పిల్లి పేరు తెలుసుకున్నాడు. అంకా కూడా బఠాణీలు ఒలవడం ఆపింది.

అప్పుడన్నాడు. "మార్కోకి నా అభినందనలు చెప్పండి. తాగుడు మాని పద్నాలుగు నెలలంటే సామాన్యం కాదు."

థాంక్స్ సార్ అన్నాను. ఇంకేం అన్నానో గుర్తులేదు.

మార్కో సంగతి ఈ భూమ్మీద నేను ఒక్కరికే చెప్పాను. కడుపులో దాచుకోలేక ఒకరోజు పెగ్గీ కారులో ఏడుస్తూ చెప్పాను. అంకాకి కూడా చెప్పలేదు. దాని భర్త తాగి తాగే పోయాడు. దానికి చెప్పడం నాకు చేతకాలేదు.

అంకా చేతిలోని కాయ బల్లమీద పెట్టి అంది. "పద్నాలుగు నెలలు."

"చెబుదామనే..."

"పెగ్గీకి తెలుసు. గవర్నర్‌కి తెలుసు. ఆయన పక్కన ఉండేవాళ్లకి తెలుసు. పిల్లికి కూడా తెలిసే ఉంటుంది. ఆఖరిదాన్ని నేనన్నమాట."

బఠాణీలు సగం ఒలిచి వదిలేసి గదిలోకి వెళ్లిపోయింది. మిగతావి నేను ఒలిచాను.

మే 10

పెగ్గీకి ఫోన్ చెయ్యలేదు.

మే 11

చెయ్యలేదు. మదర్స్ డే అని మార్కో పూలు పంపాడు. అంకా వాటిని నీళ్లలో పెట్టి తన గదిలోకి వెళ్లిపోయింది.

మే 12

పెగ్గీ నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు. దాని మోకాలు ఎలా ఉందో.

మే 14, బుధవారం

పెగ్గీ వచ్చేసింది. తలుపు తట్టకుండా లోపలికి రావడం అలవాటు. ఈరోజు తట్టింది.

"ఏమే, పోయావేమో అనుకున్నా. అంబులెన్సు పిలుద్దామనుకున్నా."

"గవర్నర్‌కి మార్కో సంగతి ఎలా తెలుసు?"

పెగ్గీ కుర్చీ లాక్కుని కూచుంది. ఎటూ తేల్చని ప్రతి డెలిగేటుకీ ఒక కార్డు ఉంటుందట. ఇంట్లో ఎవరెవరు, ఎవరికేం జబ్బు, ఏం మాట్లాడితే సంతోషం, ఏది ఎత్తకూడదు, అన్నీ అందులో రాస్తారట. ఫోన్ చేసే పెద్దమనిషి ఎదురుగా పెట్టుకుని చూస్తూ మాట్లాడతాడట. ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్లే కార్డు నింపాలి. నాది పెగ్గీ నింపింది.

"పిల్లి పేరు కూడా నువ్వేనా?"

"నేనే."

"ఆయనకి నేనంటే... నేనేదో..." సిగ్గేసింది.

"వినవే. మార్కో గురించి రాసింది, నీ దగ్గర తాగుడు జోకులు వెయ్యకండని. ఆ ప్రచారంవాళ్లకి ప్రతి రెండో మాటా అదే. నీకు మనసు నొచ్చుకుంటుందని రాశాను. అడగకూడనివి అని గీత గీసి దాని కింద రాశాను. ఆయన ఆ గీత చూసుకోలేదు."

"అసలు రాయడం దేనికే?"

"నిన్ను బాగా చూసుకుంటారని." మోకాలు రుద్దుకుంటూ అంది, "నలభై కార్డులు రాశాను జోరా. నీది అన్నిటికంటే పెద్దది."

కోపంగా ఉండాల్సింది. కోపంగానే ఉన్నాను. "వెళ్లు పెగ్గీ" అన్నాను. వెళ్లింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. కిటికీలోంచి చూశాను.

మే 15

పెగ్గీ నమ్మకం పోగొట్టింది గనక జనవరిలో అన్నది ఇక చెల్లదు. ఆమెదే తప్పు. నాకే బాధ్యతా లేదు.

మే 16

నిన్న రాసింది మళ్లీ చదువుకున్నాను. ఆమెది తప్పని రాస్తున్నప్పుడు ప్రాణం తేలికపడింది. ఆ తేలికే నాకు నచ్చలేదు. ఏప్రిల్ నెలంతా నేను వెతుక్కుంటున్నది ఇదే కదా, పెగ్గీ తప్పు ఒకటి. ఆమె నా గుట్టు ఒకరికి చెప్పింది. నేను ఆమెకి మాటిచ్చి, అదే మాట తిప్పి ముప్పైమందికి ఇచ్చాను. ఆమె అడిగితే కోటు బొత్తాలు పెట్టాను.

ఇచ్చాను. జనవరిలో ఇచ్చాను, ఏప్రిల్లోనూ ఇచ్చాను. రెండువైపులా ఇచ్చాను.

మే 18, ఆదివారం

మార్కో ఫోన్ చేసినప్పుడు చెప్పాను, ఇలా నీ సంగతి బయటపడింది నాయనా, క్షమించు అని. వాడు నవ్వాడు.

"అమ్మా, నేను ప్రతి మంగళవారం తాగుడు మానినవాళ్ల మీటింగులో ముప్పైమంది ముందు నిలబడి చెబుతాను. గవర్నర్ ముప్పై ఒకటోవాడు, అంతే. పిన్నికి చెప్పకపోవడమే తప్పు. ఫోన్ తనకివ్వు."

అంకా ఫోన్ తీసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడారో ఈసారి నాకు వినిపించలేదు, పెరట్లోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి అంకా ముక్కు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరుగుతోంది.

"నా మొగుడు పద్నాలుగు రోజులు కూడా ఉండలేకపోయాడు" అంది. "మనవాడు గట్టివాడే అక్కా."

జూన్ 3, మంగళవారం

ఓటేసి వచ్చాను. ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను.

సాయంత్రం మిల్లీ ఫోన్ చేసింది. మా కౌంటీ సెనేటర్‌కే వేసింది. మూడు వందల పదకొండు ఓట్ల తేడా. పెగ్గీ లెక్క ఎప్పుడూ తప్పదు. ఈసారి తప్పింది.

జూన్ 4

ప్రైమరీలన్నీ అయిపోయాయి. ఇద్దరికీ కావలసినంత మంది రాలేదు. ఇక మాలాంటివాళ్లే తేల్చాలి. మధ్యాహ్నం లోపల పదకొండు ఫోన్లు. ఒక మాజీ సెనేటర్ అంటాడు, "అమ్మా, మీరు నోరు విప్పకుండా ఆగస్టులో పార్టీ మహాసభ దాకా ఉండండి చాలు. మీరు నిలబడితే ఈ కొండ రాష్ట్రాల్లో మరో నలుగురు నిలబడతారు." ఇంకొకావిడ అంటుంది, "మీరు ఇవాళే చెప్పండి, మీరు చెబితే నలుగురు కదులుతారు." నా వెనకాల ఉన్నారంటున్న ఆ నలుగురూ ఎవరో నాకు తెలియదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

పెగ్గీ చెయ్యలేదు.

పేపరువాడికి చెప్పేముందు పెగ్గీకి చెప్పాలి. ఫోన్లో కాదు.

జూన్ 5, గురువారం

పెగ్గీ ఇల్లు కొండమీద. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాను. అది వసారాలో ప్రచారం కరపత్రాల పెట్టెలు సర్దుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూచో, మోకాలు" అన్నాను.

"నువ్వు కూచో, గుండె" అంది.

దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. అవన్నీ వదిలేసి, "పెగ్గీ, నేను రెండువైపులా మాటిచ్చాను" అన్నాను.

"తెలుసు. హాల్లో నువ్వన్న మర్నాడే మిల్లీ చెప్పింది."

"ఏప్రిల్లోనే తెలుసా? మరి ఈస్టర్‌కి వచ్చి గుడ్లు కొట్టావు?"

"గుడ్లు కొట్టడానికే వచ్చాను."

"నీవాళ్లకి చెప్పలేదా?"

"చెబితే నీమీదికి పదిమందిని పంపేవాళ్లు. నిన్ను నిద్రపోనిచ్చేవాళ్లు కాదు. అదీకాక..." పెట్టె మూత మూసింది. "కౌంటీ మనదే అవుతుందనుకున్నానే. నువ్వు రెండు మాటలూ నిలబెట్టుకోవచ్చు, నేను నిన్నేమీ అడగనక్కర్లేదు అనుకున్నా."

నేను కూడా అదే అనుకున్నానని చెప్పాను. ఇద్దరం ఒకే పిచ్చి లెక్క వేసుకుని రెండు నెలలు ఒకరికొకరం చెప్పుకోలేదు.

"సెనేటర్‌కే వేస్తాను పెగ్గీ. నీమీద కోపంతో కాదు. ఆ మార్కో సంగతి దీనికి కలపకు. బడిలో నాలుగొందల మందికి వండినదాన్ని, వాళ్ల తల్లులే ఆ హాల్లో ఉన్నది. వాళ్లతో అన్నాను."

"నాతోనూ అన్నావు."

"అన్నాను. నీతో ముందు అన్నాను. నీకిచ్చిన మాటే తప్పుతున్నాను. నువ్వైతే..." ఏడుపొచ్చింది. "నువ్వైతే తట్టుకుంటావని."

కొండకింద ఎవరో గడ్డి కోసే యంత్రం ఆపారు.

"పేపరువాడికి నువ్వే చెప్పు" అంది చివరికి. "నన్నడగమనకు. ఇప్పుడు వెళ్లవే, నేను కాసేపు ఒంటరిగా ఉండాలి."

వెళ్లేటప్పుడు అంది, "గడప ఎత్తుగా ఉంది, చూసుకో."

జూన్ 6

పేపరుకి చెప్పాను. ఈసారి వయసు వెయ్యలేదు. మిల్లీ హాల్లోవాళ్లందరి తరఫునా కేకు తెచ్చింది. సెనేటర్ ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడింది. గవర్నర్ కూడా చేశాడు. ఈసారి ఎవరి ఆరోగ్యమూ అడగలేదు, అర్థం చేసుకున్నానన్నాడు. ఆ కార్డు సంగతి తెలిశాక ఆయన మీద నాకు మొదటిసారి మంచి అభిప్రాయం కలిగింది.

పెగ్గీ చెయ్యలేదు.

జూన్ 8, ఆదివారం

మార్కో బాగున్నాడు. అంకా నూట ముప్పై. పెగ్గీ సంగతి తెలియదు.

జూన్ 9

తెలియదు. అంకా పేస్టీలు పట్టుకుని కొండెక్కింది, నేను చెప్పకుండానే. తలుపు తీసిందట, పేస్టీలు తీసుకుందట, నా గురించి అడగలేదట. "మోకాలో?" అన్నాను. "నేను పోస్టుమాన్నా? నువ్వే అడుగు" అంది.

జూన్ 10

గవర్నర్ తప్పుకున్నాడు. టీవీలో ఆయన వెనక నిలబడ్డవాళ్లలో పెగ్గీ ఉందేమోనని చూశాను. లేదు. ఇంట్లో ఒక్కతీ కూచుని చూస్తూ ఉంటుంది. పక్కన నేనుండాల్సింది.

జూన్ 12, గురువారం

పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఆ వేళకి చేసేది ఒక్కతే.

"లేచావా?"

"లేచాను."

"నీ సెనేటర్‌కి కావలసినదానికంటే పదిహేడు ఓట్లు ఎక్కువొచ్చాయి. నువ్వు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నా ఆవిడే గెలిచేది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఆ కొండెక్కి వచ్చి నా గుండె పగలగొట్టి వెళ్లావు."

"లెక్క ముందు తెలియదు కదే."

అవతల ఊపిరి వినిపించింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఈ గట్టి ఫోన్‌లో కూడా తెలియలేదు.

"పెగ్గీ, మోకాలు ఎలా ఉంది?"

"ఇప్పుడు ఎక్కేటప్పుడు కూడా నొప్పి."

"డాక్టరు దగ్గరికి..."

"వెళతాలే. వినవే. నీమీద నాకు కోపం పోలేదు. రోజూ పొద్దున్నే లేచి చూసుకుంటున్నా, ఉంది. కొంచెం తగ్గింది, కాని ఉంది. ఎల్లుండి శనివారానికి పోదు."

"సరే."

"ఆ పై శనివారానికి పోతుందనుకుంటున్నా."

"పోకపోతే?"

"పోకపోతే దాన్ని కూడా తీసుకొస్తాను. కాఫీ ఎక్కువ పెట్టు."

అంకా బల్లదగ్గరనుంచి అరిచింది, భోజనానికి కూడా ఉండమను అని. ఉంటానంది. క్యాలెండర్ దించి గుండ్రంగా గీత గీశాను. ఇక్కడ కూడా రాసుకుంటున్నాను, మరిచిపోతానని కాదు. జూన్ 21, శనివారం, పదకొండు గంటలకి పెగ్గీ వస్తుంది.